పాత బడిల దెబ్బల సప్పుడు

మాచారెడ్డి దిక్కు పోయే తొవ్వల ఒక పాత బడి ఉన్నది. కొత్తది కట్టినంక దాన్ని వదిలేసిండ్రు. పొద్దుగూకితే అటు మనిషన్నోడు పోడు. అండ్ల దయ్యం ఉన్నదంటరు...

బస్సు దిగిన దివాకర్ సార్‌కు చాయ్ హోటల్ సాలవ్వ మెల్లగ చెప్పింది. "ఆ తొవ్వ వద్దు సారూ... లోపల ఛట్‌ఛట్‌మని కొట్టుడు ఇనొస్తది. ఎవడో ఏడుస్తడు."

సార్ నవ్విండు. రిటైరయ్యేదాక ఆ బడిల లెక్కలు చెప్పింది ఆయనే. చెప్పిండంటే— కొట్టిండు. మధ్యమధ్యల లెక్కలు చెప్పిండు. "నా దెబ్బలకే ఊరు బాగుపడ్డది" అని పెండ్లిళ్లల్ల, చావులల్ల చెప్పుకుంట తిరుగుతడు. బాగుపడ్డోళ్ల పేర్లడిగితే మాత్రం దగ్గొస్తది.

ఆ రోజు గూడ ఊర్లె పెండ్లికే వచ్చిండు. ఎవ్వరి మాట ఇనే మనిషా? నడిచిండు.

చీకటి పడ్డది. గాలి లేదు. బడి గోడ దగ్గరికి రాంగనే—

ఛట్!

ఆగిండు.

ఛట్! ఛట్! ఆ వెనుకనే సన్నటి మూలుగు...

"వద్దు సార్... కొట్టకుండ్రి సార్... చెప్త..."

సార్ కాళ్లు రెండడుగులు వెనుకకు ఏసినయి. చెయ్యి మాత్రం దాని అలవాటు మర్వలేదు— పక్కన వేప కొమ్మ విరిచింది.

పిల్లిలెక్క వరండా ఎక్కిండు. సెల్లు లైటు కొట్టిండు.

మక్క కంకుల కుప్ప. దాని పక్కన, దుప్పటి కప్పుకొని ఒక మనిషి. నిద్రల్నే చెంప మీది దోమను కొట్టుకున్నడు— ఛట్! నిద్రల్నే కలవరిస్తున్నడు.

మల్లేష్. చిన్నప్పుడు ఇదే బడిల సార్ దగ్గర చదివినోడు. ఇప్పుడు మీసం నెరిసింది. అడవి పందులు రాకుండ మక్కలకు కావలి పండుకుంటున్నడు.

సార్‌కు పోయిన పానం తిరిగొచ్చింది. పకపక నవ్విండు. "నువ్వేనారా దయ్యం! కలల ఎవల్ని జూసి గంత జడుసుకుంటున్నవ్‌రా?"

మల్లేష్ దిగ్గున లేసి కూసున్నడు. వెలుగుల సార్ మొకం జూసిండు. చేతిల కట్టె జూసిండు.

అరచెయ్యి తెరిచి ముందుకు చాపిండు... కండ్లు గట్టిగ మూసుకున్నడు.

సార్ నవ్వు ఆగిపోయింది. తెలిసిన మాట ఒక్కటే నోట్లెకెళ్లి వచ్చింది—

"ఏడు ఎనిమిదులెంతరా?"

మల్లేష్ కండ్లు తెరువకుంటనే చెప్పిండు.

"యాభై... నాలుగు, సార్."