ఒక్కరోజుకని తెరిచిన బ్లాగు

"ఈ తాళం ఎవరికోసం సార్? దొంగలొచ్చి నాలుగో తరగతి వ్యాసాలు ఎత్తుకెళ్తారా?"

తిరువూరులోని ఆ స్కూల్లో చేరిన రోజే ఆరాధన టీచర్ కంప్యూటర్ సార్ ప్రేమ్ కిరణ్‌ని అడిగిన మొదటి మాట అది.

"వ్యాసాల గురించి కాదు టీచర్, పిల్లల గురించి. ఫోటో, పేరు, స్కూలు ఒకేచోట కనపడకూడదు. అందుకే మన తరగతి బ్లాగు ప్రైవేట్. ఇంట్లోవాళ్లకి తప్ప తెరుచుకోదు."

"పెళ్లిచూపులకి కూడా పాస్‌వర్డ్ అడుగుతారేమో!"

"మీకైతే ముందే చెప్పేస్తానండి."

కోపంగా చూడబోయి నవ్వేసింది. ఆ వానాకాలమంతా బ్లాగు పేరు చెప్పుకుని ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఆగస్టులో పూజిత అనే పిల్ల 'మా అమ్మ కుట్టుమిషను' అని రాసింది. అమ్మ ఏడిస్తే మిషను ఆగుతుందనీ, తను నవ్వితే మళ్లీ నడుస్తుందనీ ఉంది అందులో. ఇంత మంచి రాత ముప్పైమందేనా చదివేది? ప్రేమ్ కిరణ్ ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఒక్కరోజుకే కదా అని ఆరాధన 'పబ్లిక్' నొక్కింది. పూజిత ఫోటో కూడా పెట్టింది.

మర్నాడే ఎవరో మనిషి గేటు దగ్గర నిలబడి, ఫోనులో ఆ ఫోటో చూపించి, "నా కూతురు ఇక్కడే చదువుతోందటగా?" అన్నాడు.

పూజిత తల్లి నాగలత అతని దెబ్బలకు తాళలేక ఊరు విడిచి వచ్చిందని ఆరాధనకు అప్పుడే తెలిసింది. అటెండరు అతన్ని మాటల్లో పెట్టాడు. ఈలోగా కబురందుకున్న నాగలత పరుగున వచ్చి, వెనక గేటు నుంచి పిల్లను తీసుకెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు.

"సోమవారం హోంవర్కు తెస్తా టీచర్," అంది పూజిత, చెయ్యి ఊపుతూ.

హెడ్మాస్టరు దేవానందం గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. "బ్లాగు తెరిచిందెవరు?"

"నేనే సార్," అన్నాడు ప్రేమ్ కిరణ్.

ఆరాధన ముందుకొచ్చింది. "అబద్ధం సార్. నేను," అంది.

ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది. బస్టాండు దాకా వానలో ఆమె వెనకే నడిచాడతను.

"ఎందుకండీ అబద్ధమాడారు?"

"మీరు వెళ్లిపోతారని." పక్కకొచ్చి అడిగాడు. "మా అమ్మని మీ ఇంటికి పంపనా?"

"ఆ పిల్ల క్షేమంగా ఉందని తెలిసేదాకా నా దగ్గర పెళ్లిమాట ఎత్తకండి."

అతను తల దించుకున్నాడు. "క్షేమంగా ఉంటే మనకెప్పటికీ తెలియదు ఆరాధనా. తెలియకూడదు కూడా. మనకి తెలిసేలా ఉంటే అతనికీ తెలుస్తుంది."

ఆ మాటకి ఆమె బెంచీ మీద కూలబడి, చుట్టూ జనమున్నారని కూడా చూడకుండా ఏడ్చింది.

"మరి ఎలా బతకను?"

"తెలియకుండానే. ఒక్కరే మొయ్యలేరు. నన్నూ మొయ్యనివ్వండి."

ఆమె ఊరెళ్లే ఎ.కొండూరు బస్సు కదలబోతోంది. "ఎక్కుతావా లేదా అమ్మా?" అని అరిచాడు కండక్టరు.

ఆమె లేచింది. "ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మీ అమ్మగారిని తీసుకురండి. ముందు పూజిత సంగతే చెప్తాను. అంతా విన్నాక కూడా ఆవిడకి నేను కావాలనిపిస్తే..."

"చెప్పండి. మీ పక్కనే కూర్చుంటా."