గుర్రపుడెక్క మీద కొంగుముడి

కర్మన్‌ఘాట్ వెనక మా కాలనీని ఆనుకుని ఒక కుంట ఉంది. దాని నీళ్ళు కంటితో చూసి ఏండ్లయింది. గుర్రపుడెక్క ఎంత మందంగా అల్లుకుందంటే, ఎల్బీ నగర్ సిటీ బస్సును దాని మీద నడిపినా టైరు తడవదు. నేను అబద్ధాలు చెప్పను. ఉన్నదాన్ని జర పెంచి చెబుతాను, అంతే.

ఆ కుంటలో కొర్రమట్ట చేపలు పట్టడంలో అంతయ్య తర్వాతే ఎవరైనా. మా పక్కింటి అండాలమ్మ మొగుడు. గాలానికి దారం ముడివేసి, కొసను పళ్ళతో నమిలి తెంపేవాడు. ఆ ముడిని విప్పాలంటే పోలీసులు రావాలి. నోట్లో ఎప్పుడూ పొగాకే కాబట్టి గాలాలు కూడా పొగాకు వాసన కొట్టేవి. మొన్నీమధ్య జ్వరమొచ్చి దవాఖానలో పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మాంసం, గారెలు, కల్లు. కాకులొచ్చాయి, చూశాయి, పోయాయి. ఒక్కటీ ముట్టలేదు. పోయినోనికి కోరిక మిగిలిందన్నారు చుట్టాలు. కాకి ముట్టేదాకా తానూ మెతుకు ముట్టనని అండాలమ్మ పట్టుబట్టింది. అసలే షుగరు మనిషి. ఫ్యాను వేస్తే ఎగిరి దిల్‌సుఖ్‌నగర్‌లో పడేటట్టు అయింది.

"కొర్రమట్ట పెడితే ముడతడు సత్తెక్కా. గదంటే ఆయనకు పానం."

"బజార్ల కొందాం పా."

"బజారుది ఏనాడూ తినలే. గీ కుంటదే కావాలె."

ఎదురింటి కిష్టమ్మ ఫోను పట్టుకొచ్చి ఒక వీడియో చూపించింది. ఏదో చలి దేశం. చెరువంతా గడ్డకట్టింది. కొందరు దోస్తులు దాని మీద స్టూళ్ళేసుకుని, మంచుకు బొక్క పెట్టి గాలం వేస్తున్నారు.

"మనకాడ మంచేడిది వదినె?" అంది కిష్టమ్మ.

"డెక్క లేదా?" అన్నాను.

తెల్లారి ముగ్గురం పోయాం. చేపల మార్కెట్లో పారేసిన థర్మాకోల్ పెట్టెలను డెక్క మీద పరిచి, వాటిపై ఒక పాత తలుపు వేశాం. మోకాళ్ళ నొప్పులని కిష్టమ్మ గట్టునే ఉండి, తలుపుకు కట్టిన తాడు పట్టుకుంది. జారిపోకుండా అండాలమ్మ కొంగుకు నా కొంగు ముడివేసి, ఇద్దరం తలుపెక్కాం.

"పెండ్లి చేస్తున్నవా వదినె?" అని గట్టు మీంచి నవ్వింది కిష్టమ్మ.

కొడవలితో డెక్క కోశాను. తవ్వకం లాగే ఉంది. అడుగున నీళ్ళు, మాడిన పెనం రంగులో. కుళ్ళిన ఆకు వాసన. అండాలమ్మ అంతయ్య గాలానికే వానపామును ఎరగా గుచ్చి వదిలింది. ఎండ మొహాన కొడుతోంది. విజయవాడ రోడ్డు మీద లారీల హారన్లు.

ఇక్కడినుంచి నేనేమీ పెంచడం లేదు.

హారన్లు ఆగిపోయాయి. అన్నీ... ఒక్కసారే. బొక్కలోంచి పొగాకు వాసన వచ్చింది.

దారం గుంజుకుంది. ఇద్దరం లాగాం. మోచెయ్యంత కొర్రమట్ట వచ్చి తలుపు మీద పడి కొట్టుకుంది. దాని నోట్లో గాలం లేదు. తోకకు దారం చుట్టి... ముడివేసి ఉంది. కొస నమిలి ఉంది.

"ఆయనే," అని గుసగుసలాడింది అండాలమ్మ. "రమ్మంటుండు అక్కా."

చూస్తే ఆమె చీర అంచు బొక్కలో ఉంది. మెల్లగా లోపలికి పోతోంది. ఆమె కూడా వంగుతోంది... భయపడి కాదు, ఇష్టంగా. కొంగుముడి బిగుసుకుంది. తలుపు ఒరిగింది.  నా నోరు మాత్రం వణకలేదు.

"అంతయ్యా, చేపనిచ్చినవ్, మంచిది. పిల్లనైతే ఇయ్య. బతికినన్నాళ్ళు వండిపెట్టించుకున్నవ్, ఇగ చాలు. మళ్ళ గుంజినవంటే నేనే దిగుతా. నా నోరెట్లుంటదో నీకు ఎరుకే."

 తర్వాత చీర వదులైంది. రోడ్డు మీద లారీ హారన్ మోగింది.

కిష్టమ్మ మమ్మల్ని గట్టుకు గుంజి, ఎగపోస్తూ అడిగింది. "ఇద్దరేనా ఉన్నది? ముగ్గురి బరువుందేంది?"

మర్నాడు కాకి ఆ చేప ముట్టింది. అండాలమ్మ కంచం నిండా తింది. మళ్ళీ మనిషైంది. కానీ పొద్దు పొడవకముందే లేచి, చెప్పుల్లేకుండా కుంట దిక్కు పోతోంది. అందుకే ఇప్పుడు మా ఇంట్లోనే, నా పక్కనే పడుకోబెట్టుకుంటున్నాను. కొంగుకు కొంగు ముడేసి.

పొద్దున చూస్తే ముడి ఉంటుంది. గట్టిగానే ఉంటుంది. కానీ నేను వేసింది కాదు. తడిగా ఉంటుంది. ముడి కొసన చీరపోగులు నమిలి ఉంటాయి, పొగాకు వాసనతో.

గోళ్ళు విరిగేదాకా కూర్చుని దాన్ని విప్పుతాను. మళ్ళీ నా ముడే వేస్తాను.

నిన్న మాత్రం... ఆ ముడి పక్కనే నిద్రపోతున్న అండాలమ్మ కొంగుకు లేదు. నా కొంగుకు ఒక్కదానికే ఉంది. నేనే దిగుతానని అన్నాను కదా.