విత్తనం జోలికి పోని చెయ్యి

"బార్కర్‌ది జెలసీ అనకు. అయితే గియితే ఎన్వీ," అంది నోరా.

"ఏదైనా ఒకటే ఏడుపు," అన్నాడు భర్త విల్ఫ్ హెడ్లీ.

"ఒకటి కాదు. ఎదుటివాడిది నాకు లేదే అని కుళ్లుకుంటే ఎన్వీ. నాది ఎక్కడ చేజారుతుందో అని కుమిలితే జెలసీ."

ఈ వాదన పోలీసు సార్జెంట్ హిల్డా చార్ల్‌టన్ రాకముందే మొదలైంది. ఆమె టీ తాగుతూ వింటోంది.

నార్తంబర్లాండ్‌లోని ఆ బొగ్గుగనుల ఊళ్లో లీక్ పోటీ అంటే పరువు. రేపే పోటీ. విల్ఫ్ పోటీకి పెంచిన లీక్‌లని, అంటే ముంజేతంత లావుండే ఉల్లికాడల్లాంటి మొక్కల్ని, రాత్రి ఎవరో కత్తితో చీల్చేశారు. విల్ఫ్ అనుమానమంతా పక్క మడి బార్కర్ మీదే. ఏటా అతనిది రెండో బహుమతి.

హిల్డా అప్పటికే మడి చూసి వచ్చింది. ఓ మూల విత్తనానికి వదిలిన పూమొక్కలున్నాయి. హెడ్లీల వంగడం. బయటివాళ్లకు ఒక్క గింజ కూడా ఇవ్వరు. రాత్రి గాలికి అవి ఒరిగిపోయాయి. ఎవరో పుల్లలు పాతి, మెత్తటి గుడ్డపీలికలతో నిలబెట్టి కట్టారు.

"కట్టింది మీరా?"

"చీకటి పడ్డాక నేను అటు పోలేదు, తల్లీ," అన్నాడు విల్ఫ్.

అక్కడే ఉన్న అల్లుడు కీత్ తల అడ్డంగా ఊపాడు. పని ఈ ఏడే నేర్చుకుంటున్నాననీ, తనకింకా కట్టడం రాదనీ అన్నాడు.

కొడుకు ఎరిక్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బార్కర్ అయితే ముందు ఆ పూమొక్కలే పీక్కుపోయేవాడు," అంది హిల్డా. "అతనికి లేనిది అదే. వచ్చినవాడు పోటీ చెడగొట్టాడు, విత్తనాన్ని మాత్రం కాపాడాడు. అది తనదే అనుకున్నాడు కాబట్టి. నోరాగారు చెప్పిన జెలసీ ఇదే."



"చిన్నప్పట్నుంచీ ఆ మడికి నీళ్లు మోశాను," అన్నాడు ఎరిక్, వెనక్కి తిరక్కుండానే. "విత్తనం కీత్‌కిస్తానని లీక్ క్లబ్బులో అందరికీ చెప్పావు. నాకు చెప్పలేదు, నాన్నా."

"అందుకని కత్తి పట్టావా?" అన్నాడు విల్ఫ్.



కేసు పెడతారా అని హిల్డా అడిగింది. వద్దన్నాడు విల్ఫ్. తర్వాత గొంతు పెంచకుండా అందరికీ చెప్పాడు.

"సోమవారం మడి క్లబ్బుకి అప్పగించేస్తాను. విత్తనం అడిగినవాళ్లకల్లా పంచేస్తాను. ఈ ఇంట్లో ఇంకెవరూ లీక్ పెంచరు."