దివ్యశ్రీ రాయని మాట

“మహాయుద్ధం అని వెయ్యి దివ్యశ్రీ! లేకపోతే మన ఛానల్ ఎవడు చూస్తడు?” ఓనర్ భీమ్‌రావు గట్టిగా అరిచాడు.

“పడ్డది ఒక్క డ్రోన్ సార్. దాడి అంటే సరిపోతది.”

“అందరు యుద్ధం అంటుంటే నీకేంది గంత పిసినారితనం?”

“మన దిక్కు సగం ఇండ్లల్ల మనుషులు గల్ఫ్‌లనే ఉన్నరు సార్. జర చూసి రాయాలె.”

ఆర్మూర్ కేబుల్ ఛానల్లో వార్తలు రాసే ఆ పిల్ల మొండిది. “గల్ఫ్‌లో డ్రోన్ దాడి” అనే టైప్ చేసింది. భీమ్‌రావు సణుగుతూ పసుపు మార్కెట్‌కు వెళ్లిపోయాడు.

గదిలో ఒక్కతే మిగిలింది. బయట వాన. గల్ఫ్‌లో ఉన్న మనీష్ ఫోన్ పొద్దున్నుంచి కలవడం లేదు. వాళ్ల ప్రేమ సంగతి రెండిళ్లలోనూ ఎవరికీ తెలియదు. “మీవాడు బాగున్నాడా?” అని అడగడానికి తను ఎవరని? ఊరికి ధైర్యం చెప్పింది గానీ, తనకు చెప్పేవాళ్లే లేరు. ఏడుపు ముంచుకొచ్చింది.

తలుపు దగ్గర ఒక పెద్దావిడ తడిసిన కొంగు పిండుకుంటూ నిలబడింది.

“టీవీల రాసేది నువ్వేనా బిడ్డా? నా పేరు నీలవ్వ, పెర్కిట్ నుంచి వచ్చిన. ఒకడు మహాయుద్ధం అంటడు, ఇంకొకడు అంత బూడిదైంది అంటడు. నువ్వొక్కదానివే దాడి అంటున్నవ్. ఏది నమ్మాలె? నా కొడుకు గాడనే ఉన్నడు.”

“ఫికర్ చెయ్యకమ్మా. డ్రోన్ పడ్డది పోర్టు కాడ. మనీష్ వాళ్ల క్యాంపు మస్తు దూరం.”

నీలవ్వ కొంగు పిండడం ఆపింది. “నా కొడుకు పేరు నీకు నేను చెప్పలే గద!”

మనీష్ చెప్పే అమ్మ పేరు వినగానే నోరు జారిన దివ్యశ్రీ నాలుక కరుచుకుంది. ప్రతి మాటా తూచి రాసే పిల్ల, ఒక్క పేరు దగ్గర దొరికిపోయింది.

“పొద్దటి సంది ఫోన్ కలుస్తలేదమ్మా,” అంటూ భోరుమంది. “నేను ఎవర్ని అడగాలె?”

నీలవ్వ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తన ఫోన్ తీసి దివ్యశ్రీ ఫోన్ పక్కన పెట్టింది. ఇద్దరూ వాటినే చూస్తూ ఉండిపోయారు.

చాలాసేపటికి ఒకటి మోగింది. దివ్యశ్రీది. మనీష్ పేరు చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది. అయినా చెయ్యి కదల్లేదు. బెరుకుగా పెద్దావిడ వైపు చూసింది.

“చూసినవా వీని తెలివి! అమ్మ కంటె ముందుగాల నీకే చేసిండు.” నీలవ్వ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “ఎత్తు బిడ్డా. ‘అత్తమ్మ నా పక్కనే ఉన్నది’ అని చెప్పు.”