కరెంటు తీగకూ చెవులుంటాయి

సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు ఆ పొద్దున బస్టాపులో ఎవరికీ వినపడలేదు. ఏజెంట్ మైనా చేతుల్లోనే అతని పార్ట్‌నర్ ఒరిగిపోయాడు. తనకంటే పెద్దవాడని మైనా అతన్ని అన్నా అని పిలిచేవాడు.

రక్తపు చొక్కా మార్చుకుని బాస్ ఎదుట కూర్చున్నా మైనాకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో ఫ్యూజు కొట్టేసినట్టుంది.

"విదేశీ ముఠా పని," అన్నాడు బాస్. "వాళ్లకి దొంగ పాస్‌పోర్టులు అచ్చేసిన ప్రెస్సాయన మనకి సాక్షి. ఆయన్ని కోర్టుకి తీసుకెళ్లే రూటు చూడ్డానికే మీ అన్న వెళ్లాడు. ఆ రూటు గురించి ఆయన్ని దాచిన సేఫ్‌హౌస్‌లో తప్ప ఎక్కడా మాట్లాడలేదు."

"బగ్ ఉందా?"

"డిటెక్టర్‌కి రేడియో సిగ్నలేదీ దొరకలేదు. తన రికార్డ్ ప్లేయర్ గుయ్యిమంటోందని ఆయన ఒకటే నస. మెకానిక్ వేషంలో వెళ్లి చూడు."

"కాపలా ఎవరు?"

"మీ వదినే. సెలవు తీసుకోమంటే వద్దంది."

తలుపు తీసింది ఆవిడే. పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు, చెవిలో వైర్‌లెస్. డిపార్ట్‌మెంటంతా తలతిప్పి చూసే మనిషి.

"పాటకంటే గోల ఎక్కువట," అన్నాడు మైనా.

"చెవులు అలవాటు పడతాయి," అందావిడ. కోడ్ సరిపోయింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఏడుపు రావట్లేదయ్యా."

"నాకూ అంతే వదినా."

ఆవిడ ముందుగది కిటికీ దగ్గరికి వెళ్లింది. మైనా యాంప్లిఫయర్ మూత విప్పాడు. ఎర్త్ తీగలు తలో చోట అతికి ఉన్నాయి. అన్నిటినీ ఒకే బిందువుకు చేర్చి టంకం వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగిరేకు చుట్టి, ఆ రేకునీ ఎర్త్‌కు కలిపాడు. గుయ్యిమనడం ఆగింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అన్నాడు ప్రెస్సాయన.

ఆ మాటతోపాటే స్పీకర్లో సన్నగా ఏదో బరబర గీరింది. ఆయన ఆగగానే అదీ ఆగింది. మైనా దగ్గాడు. అదీ దగ్గింది.

సంచిలోంచి ఫిల్టర్ తీశాడు. చిన్న ఇనుప డబ్బాలో తీగచుట్టా, కెపాసిటర్లూ పెట్టి తనే చేసుకున్నది. దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ యాంప్లిఫయర్‌కీ మధ్య తగిలించగానే బరబర మాయమైంది. అంటే అది యాంప్లిఫయర్‌లో పుట్టింది కాదు, కరెంటు తీగలో వస్తోంది. గదిలో మాటలన్నీ ఇంటి వైరింగ్ గుండా బయటికి పోతున్నాయి. డిటెక్టర్‌కి ఎలా దొరుకుతుంది?

బోర్డు విప్పాడు. లోపల బఠాణీగింజంత మైక్. చప్పుడు కాకుండా మూసి, ఫిల్టర్ తీసేసి, ప్రెస్సాయన్ని బాత్రూంలోకి తీసుకెళ్లి కుళాయి తిప్పాడు.

"ఆ బోర్డు ఎవరు తెచ్చారు?"

"మేడమే. పాతది నిప్పులు కక్కుతోందని మార్చింది. ఏం, మంచిది కాదా?"

మైనా కుళాయి ఇంకాస్త తిప్పాడు. కోపమైనా వస్తుందేమోనని చూశాడు. రాలేదు. చేతి గడియారంలో బాస్‌కి నాలుగు ముక్కలు చెప్పి, బోర్డు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బాస్ ఆర్డర్. వెనక గేటు నుంచి బయల్దేరుతున్నాం, కానివ్వండి."

కాసేపటికి గడియారం వణికింది. వెనక గేటు దగ్గర కాపేసిన ముఠా దొరికిపోయింది.

వదిన లోపలికొచ్చింది. చేతిలో పిస్టల్.

"నా చెవిలో వాళ్ల గొంతు ఆగిపోయింది. బోర్డు విప్పావన్నమాట."

"అన్నని పట్టించింది నువ్వేనా?"

"రూటు చెప్పాను. కాల్చింది వాళ్లు."

"ఏడుపు రావట్లేదన్నావు."

"అది మాత్రం నిజమే."

పిస్టల్ ప్రెస్సాయన వైపు తిరిగింది. మైనా వాల్యూమ్ చివరికంటా తిప్పి, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ తీగమీద వేలు పెట్టాడు. స్పీకర్లు భోరుమన్నాయి. ఆవిడ ఉలిక్కిపడింది. గుండు పైకప్పులోకి పోయింది. మరుక్షణం ఆవిడ మణికట్టు మైనా గుప్పిట్లో ఉంది.

ఆవిడని జీపెక్కించాక ప్రెస్సాయన వాల్యూమ్ తగ్గించి రికార్డు పెట్టాడు. పాట మొదలయ్యే ముందు గదిలో చీమ చిటుక్కుమనలేదు.

"ఇంత నిశ్శబ్దం ఎప్పుడైనా విన్నావా బాబూ?"

"పొద్దుటి నుంచీ వింటూనే ఉన్నానండి," అన్నాడు మైనా.