నాలుగింటికి ఎనిమిది గంటలు గొట్టే మేడ

అల్మాస్‌గూడ పోయే తొవ్వల ఐదంతస్తుల మేడ ఒకటి సగం గట్టి వదిలేసిండ్రు. కిటికీలు లేవు, రంగు లేదు. పగలు పోతే అండ్ల మేకలు పండుకుంటయ్. రాత్రి పదకొండు దాటినంక మాత్రం... కుక్కలు గూడ ఆ గేటు ముందటికెళ్లి పోవని అంటరు.

నేను కొత్తపేట రైతుబజార్ల కూరగాయలమ్ముత. తెల్లారకముందే లేస్త, పొద్దూకితే కూలవడ్త. దెయ్యాలను నమ్మే తీరిక నాకు లేదు. గానీ ఈ ముచ్చట చెప్పింది మా మరిది సైదులు. అబద్ధమాడితే రెండో మాటకే దొరికిపోయే మనిషి. అందుకని చెప్తున్న.

ఆ మేడకు చెడ్డ పేరు తెచ్చింది గంట. గుడి గంట కాదు... ఒక్కటే ఇత్తడి మోత. రాత్రి పన్నెండున్నరకు ఒక్కసారి మోగుతది. ఒంటిగంటకు రెండు. ఒంటిగంటన్నరకు మూడు. అట్ల అరగంటకొకటి పెంచుకుంట పోయి, నాలుగింటికి ఎనిమిది కొట్టి ఊకుంటది. ఏ గడియారం అట్ల కొడ్తది చెప్పుండ్రి? పక్క కాలనీ వాళ్లు నిద్ర మానుకొని లెక్కపెట్టుకుంట కూసునేటోళ్లట. మేడ కట్టంగ ఎనిమిది మంది కూలీలు సచ్చిపోయిండ్రని ఒకలు, కాదు, ఇగ ముందట ఎనిమిది మందిని తీస్కపోతదని ఇంకొకలు. సచ్చినోళ్ల పేర్లు చెప్పుమంటే మాత్రం ఒక్కలకు తెల్వదు.

గంటతోని పాటు ఇంకొకటుండె. మిద్దె మీద తెల్లగ ఏదో లేస్తదట... మెల్లగ, మనిషికి నాలుగింతల ఎత్తు... లేసి, గాలికి పొట్ట ఉబ్బించి, మల్ల కుప్పగూలుతదట. చూసినోళ్లకు మూడు దినాలు జరం. ఇవన్ని గీ పదిదినాల్ల పుట్టిన కథలే. మన కాలనీల్ల నల్లా నీళ్లు ఆలస్యమైతయ్ గానీ దెయ్యం కథలు ఆలస్యం గావు.

ఇగ మా సైదులు సంగతి. పదహారేండ్ల సంది చక్రపాణి సార్ టెంట్ హౌస్ల పని చేస్తడు. గుంజలు పాతుడు, తాళ్లు గుంజుడు, షామియానా ఎక్కిచ్చుడు. చేతులు చూస్తే కాయలు కాసి ఉంటయ్. చక్రపాణి సార్‌ది కృష్ణా జిల్లా, ఇరవై అయిదేండ్ల కింద ఒచ్చి ఈడనే స్థిరపడ్డడు. మాట కరుకు, పని పక్కా. దెయ్యం, దిష్టి అని ఎవలన్న అంటే మాత్రం తిట్టి పంపుతడు.

ఆ బుధవారం గోదాం తెరిచి చూస్తే కొత్త తెల్ల సీలింగ్ గుడ్డ ఒకటి లేదు. తాళం పగలలే. తాళం చెవులు రెండే, ఒకటి సార్ ఇంట్ల, ఒకటి సైదులు మొలతాడుకు. పనోళ్లంత నేను గాదంటే నేను గాదన్నరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టల రొయ్యలు మాయం.

సార్ అరవలే. అరిచి రెండు తిట్టినా బాగుండునని మా మరిది అన్నడు. శనివారం పొద్దటికి గుడ్డ గోదాంల ఉండాలె, లేకపోతే తాళం చెవి బల్ల మీద పెట్టి పొమ్మన్నడట. పదహారేండ్ల పని మొఖం చూసి పోలీసులకు చెప్తలేనన్నడట. ఆ మాట ఇంకా కాల్చింది. దొంగ అనిపిచ్చుకొని బయటికొస్తే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాక ఏ టెంట్ హౌస్ గడప తొక్కనిస్తది? మూడు దినాలు పిలగాడు బువ్వ సరిగ తినలే. నాకైతే ఆ సార్ మీద మస్తు కోపమొచ్చింది. రైతుబజార్‌కొస్తే ఏరి ఏరి పుచ్చు వంకాయలు తూచిద్దామనుకున్న.

శుక్రవారం రాత్రి. బాలాపూర్ల ఒక ఫంక్షన్ టెంట్ ఇప్పి, సామానేసుకొని, సైదులు ట్రాలీ ఆటోల ఒక్కడే ఒస్తున్నడు. దగ్గరైతదని అల్మాస్‌గూడ తొవ్వ పట్టిండు. తెల్లారితే శనివారం. మనసంత దాని మీదనే ఉన్నది, మేడ యాదికే లేదు. సరిగ్గ గేటు ముందటికి రాంగనే...

టంగ్.

ఆటో ఆగిపోయింది. ఆపినవా, ఆగిందా అని నేనడిగిన. కాలు బ్రేక్ మీద పడ్డది గానీ మల్ల తీయరాలేదన్నడు.

చుట్టూ సప్పుడు లేదు. పైన ఏదో గిర్... గిర్... మని తిరుగుతున్నది. దాని నడుమ గుసగుసలు. "లాగు... లాగు... ఇంకా పైకి..." ఎవల్ని లాగుతున్నరు? ఎక్కడికి లాగుతున్నరు? సైదులు ఆంజనేయ దండకం ఎత్తుకున్నడు, రెండో ముక్క యాదికి రాలే. తల ఎత్తొద్దు, ఎత్తొద్దు అనుకుంటనే ఎత్తిండు.

తెల్లటిది లేస్తున్నది.

మెల్లగ... పిట్టగోడ దాటి... ఇంకా పైకి. తల లేదు. కాళ్లు లేవు. చేతులు మాత్రం రెండు దిక్కుల అడ్డంగ చాపి ఉన్నయ్. గాలొచ్చింది. పొట్ట ఉబ్బింది. మా మరిది పై ప్రాణాలు పైనే పోయినయ్.

అప్పుడు మబ్బు తొలిగి ఎన్నెల పడ్డది. దెయ్యం పొట్ట మీద ఎర్రటి అక్షరాలు... తలకిందులుగ. సైదులు ఆ అక్షరాలను రోజు మడత పెట్టే మనిషి, ఎటు తిప్పినా చదువుతడు. "చక్రపాణి టెంట్ హౌస్, కొత్తపేట." కింద ఫోన్ నంబర్ గూడ ఉన్నది.

బయం ఎటు పోయిందో తెల్వదు. మూడు దినాల ఆకలి, దొంగ అన్న మాట, రెండు కలిసి నెత్తికెక్కినయ్. దెయ్యమైతే ఏంది, నా పేరు ఖరాబ్ జేసి మా షాపు గుడ్డ కట్టుకుంటదా? ఆటోలకెళ్లి గుంజలు దిగ్గొట్టే సమ్మెట తీసుకొని మెట్లెక్కిండు. మూడో అంతస్తుల చీకట్ల కాలికి మెత్తగ ఏదో తగిలి "మే..." అన్నది. ఆడ సగం పానం పోయిందట. మిగిలిన సగంతోని మిద్దెక్కిండు.

మిద్దె మీద ఐదు నల్లటి ఆకారాలు. నడుమ ఇనుప పైపులు అతికిచ్చిన పొడుగు గుంజ. గుంజకు అడ్డంగ ఇంకో పైపు, ఆ అడ్డపైపుకు మన గుడ్డ. ఇరవై అడుగుల ఎత్తుల ఆరో ఆకారం అడ్డపైపు మీద పొట్ట ఆనిచ్చి గుడ్డను మడుస్తున్నది. ఆ అడ్డపైపును గిలక మీదికెళ్లి పైకి గుంజి పట్టింది ఒక్కటే తాడు. కింద పిల్లరుకు కట్టిన కాడ ఆ తాడు జారుతున్నది... అంగుళం... ఇంకో అంగుళం.

దెయ్యమే గదా, పడితే పడనీ అనుకోవచ్చు. గానీ బతుకంత తాళ్లు కట్టినోడు జారే ముడిని చూసి ఊకుండలేడు. సమ్మెట పారేసి ఉరికిండు. తాడు రెండు చేతుల పట్టి, నడుముకు చుట్టుకొని వెనక్కి పడ్డడు. అడ్డపైపు ఒక్క కుదుపుతోని ఆగింది.

"కొత్త నైలాన్ తాడుకు రెండు చుట్లేనా? ఎవడు నేర్పిండ్రా మీకు?"

కిందున్న ఆకారాలన్ని కెవ్వుమన్నయ్. ఒకడు నీళ్ల డ్రమ్ము ఎనక దాక్కున్నడు. ఇంకొకడు కండ్లు మూసుకొని దండం పెట్టిండు. వాళ్లు గూడ మేడ కథ కాలనీల విన్నోళ్లే మరి. తాము కొట్టే గంటకే ఆ కథ పుట్టిందని తెల్వక, ఇన్నాళ్లకు దెయ్యం రానే ఒచ్చిందనుకున్నరు పాపం.

మీదున్న ఆకారం ఒక్కటే అరవలే. మెల్లగ దిగొచ్చి మొఖం మీద సెల్‌ఫోన్ లైటు వేసింది.

"సైదులన్నా... నువ్వా?"

చక్రపాణి సార్ బిడ్డ, అలేఖ్య.

అప్పుడు బయటపడ్డది అంత. తెరచాపల ఓడ నడుపుడు నేర్పే శిబిరానికి ఈడి కాలేజీ పిల్లలను ఆరుగురిని తీసుకున్నరట. మూడు తెరచాప కొయ్యల పెద్ద ఓడ, కొచ్చిన్‌ల ఎక్కుడు, పదిహేను దినాలు సముద్రం మీద. తాళ్లు చేతులతోనే గుంజాలె. అర్ధరాత్రి గాలి తిరిగితే అప్పటికప్పుడు కొయ్యెక్కి తెరచాప మడవాలె. అందుకే రాత్రి సాధన. గంట గూడ ఓడ పద్ధతే. అరగంటకొక దెబ్బ పెంచుకుంట పోయి, ఎనిమిది కొడితే ఒక జట్టు కావలి అయిపోయి ఇంకో జట్టు ఎక్కుతదట. ఆ మేడేమో, వాళ్లల్ల మహేందర్ అనే పిలగాని మేనమామది. నేర్పేది నేవీల పని చేసి రిటైరైన పెద్దమనిషి. ఆ రాత్రి మోకాళ్ల నొప్పని ఆయన రాలే, తను లేకుంటే ఎక్కొద్దన్నడు గూడ. వీళ్లు వింటరా? ఇండ్లల్ల చెప్పింది మాత్రం గ్రూప్ స్టడీ.

అలేఖ్యను ఇంట్ల ఒద్దన్నరు. పదేండ్ల కింద ఒక పెండ్లి పందిరి మీదికెళ్లి పనోడు పడి నడుమిరగ్గొట్టుకున్నడు, సార్ కండ్ల ముందటనే. బెల్టు కట్టుకునే ఎక్కుతమని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా సార్ ఒక్కటే మాట, నా బిడ్డ కొయ్యెక్కొద్దు. రైలు ఆదివారం, అది ఇంట్ల గూడ ఎరుకే. చెప్పకుండ పోదామనే అనుకున్నది. ఇంట్ల ఉన్న తాళం చెవితోని గోదాం తెరిచి గుడ్డ తీసింది, పోయే ముందట మల్ల పెట్టేద్దామని.

తన వల్ల సైదులు దొంగైండని ఆ పిల్లకు తెల్వనే తెల్వదు. చెప్పంగనే ఏడ్చింది.

"ఇప్పుడే ఇంటికెళ్లి నాన్నకి చెప్పేస్తానన్నా. ఓడ పోతే పోయింది."

సైదులు పేరు నిలవాలంటే ఆ పిల్ల ఓడ పోవాలె. ఓడ దక్కాలంటే తను దొంగ కావాలె. మా మరిది అసుంటియ్ తేల్చే తెలివిగలోడు గాదు. ముందు ముడి నేర్చుకోండ్రి అన్నడు. నాలుగింటికి ఎనిమిది కొట్టేదాక ఆరుగురితోని ఆ ముడి కట్టిచ్చిండు, ఇప్పిచ్చిండు, మల్ల కట్టిచ్చిండు. బెల్టు కొక్కెం అడ్డపైపుకు తగిలిచ్చినందుకు తిట్టి, కదలని గుంజకే తగిలియ్యాలెనని చూపిచ్చిండు. అయినంక గుడ్డ మడిచి ఆటోల ఏసుకున్నడు.

పొద్దున గోదాం ముందట పనోళ్లంత నిలబడ్డరు. సైదులు గుడ్డను, తాళం చెవిని బల్ల మీద పెట్టిండు. నేను తియ్యలే సార్, అల్మాస్‌గూడ మేడ మీది దెయ్యం తీస్కపోయింది, గుంజుకొచ్చిన అన్నడు. పనోళ్లు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. నేనే ఆడ ఉంటే నెత్తి బాదుకుందును.

సార్ నవ్వలే. గుడ్డ ఇప్పి అంచు చూసిండు. అంచు పొడుగూత ముందు లేని ఇత్తడి రింగులు, నీలం దారంతోని ఒక్కొక్కటి చేతి కుట్టు. బొటనవేలితోని ఆ కుట్టును తడుముకుంట చివరిదాక పోయిండు. ఇంట్ల తాళం చెవి యాదికొచ్చిందో, బిడ్డ గ్రూప్ స్టడీ యాదికొచ్చిందో... మొఖంల రంగు మారింది.

"ఎంత ఎత్తెక్కిందయ్యా... దెయ్యం?"

"ఇరవై అడుగులుంటది సార్."

"బెల్టు కట్టుకుందా?"

"కట్టుకున్నది సార్. కొక్కెం యాడ తగిలియ్యాలెనో చూపిచ్చిన. ముడి గూడ నేర్పిన. ఇగ జారదు."

పనోళ్లకు ఏం సమజ్ కాలే, నవ్వు మాత్రం ఆగిపోయింది. సార్ తాళం చెవి తీసి సైదులు చేతుల పెట్టిండు. అందరి దిక్కు తిరిగి, సైదులు దొంగ కాదని, తప్పు తనదేనని, ఆ మేడ మీద దెయ్యం ఉన్నమాట నిజమని, దాన్ని దాని చిన్నప్పటి నుంచి తను ఎరుగుదునని గట్టిగ చెప్పిండు. చక్రపాణి సార్ నోటెంబడి ఆ మాట విన్నోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరట.

వాళ్లు పనులకు పోయినంక సార్ సైదులు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నడు.

"ఆ దెయ్యానికి చెప్పవయ్యా... రేపు దొంగచాటుగా రైలెక్కొద్దని. స్టేషన్‌కి నేనే దింపుతాను."