తెరలో గెంతే పిల్ల

తెర మీద చిత్ర గాలిలోకి లేచింది. రెండు జడలూ పైకెగిరాయి. గుండ్రటి నల్లగుడ్డ మీద పాదాలు ఆనాయో లేదో మళ్ళీ లేచింది, ఈసారి ఇంకాస్త ఎత్తుకి. పకపకా నవ్వుతోంది. అసలు చిత్ర మాత్రం తల్లి ఒళ్ళో కూర్చుని బిస్కెట్ కొరుక్కుంటూ, తన నవ్వు తానే వింటోంది.

"అది నేనేనా?" అని అడిగింది.

"నువ్వేనమ్మా. మీ తోటలో ట్రాంపొలిన్ పెడితే ఎలా గెంతుతావో అలాగే గెంతుతున్నావు," అంది డాక్టర్ ఎస్తేరు.

విశాఖపట్నంలో ఆ యంత్రం గురించి తెలియని ఇల్లు అప్పటికే లేదు. దాని పేరు 'మరోదారి'. దాన్ని తయారుచేసిన బృందానికి ఎస్తేరే పెద్ద. అది పనిచేసే తీరు అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. పిల్లని స్కానర్‌లో పడుకోబెట్టి ఎముకల గట్టిదనం, కండరాల బలం, చూపు, తూకం కొలుస్తారు. ఇంట్లో సెన్సర్లు పెట్టి, ఆ పిల్ల ఎలా నడుస్తుందో, దేనికి జడుస్తుందో, ఎప్పుడు మొండికేస్తుందో కొన్ని వారాలు రికార్డు చేస్తారు. తల్లిదండ్రుల్నీ కొలుస్తారు, పిల్ల ఒక్కతే బతకదు కదా. ఇదంతా కలిపితే కంప్యూటర్ లోపల అచ్చం అలాంటి ఇల్లు, అలాంటి తోట, అలాంటి కుటుంబం తయారవుతాయి. అప్పుడు ఒక్క వస్తువు మాత్రం మార్చి కాలాన్ని ముందుకు తోస్తారు. మనం ఇక్కడ కాఫీ తాగేలోపు అక్కడ నెల గడిచిపోతుంది. వెనక జాతకాలు చూపించుకున్న ఊరే ఇప్పుడు సిమ్యులేషన్లు చూపించుకుంటోంది. మనుషుల్లో మాత్రం పెద్ద తేడా ఏమీ రాలేదు.

రవళి, సుమంత్‌లకి చిత్ర లేక లేక పుట్టిన పిల్ల. భీమిలి దారిలో వాళ్ళు కొనుక్కున్న ఇంటికి వెనకాల చారెడు తోట ఉంది. పక్క వీధి పిల్లల దగ్గర చూసొచ్చి, ట్రాంపొలిన్ కావాలని చిత్ర అడుగుతోంది. సుమంత్ సరేనన్నాడు. రవళి, అడిగి చూద్దాం అంది. అడగడమంటే ఆ ఊళ్ళో ఇప్పుడు ఒకటే అర్థం.

తెర మీద వాన కురిసి వెలిసినట్టుంది. చిత్ర తడిగుడ్డ మీదికి పరుగున ఎక్కింది. లేచింది, జారింది, అంచు మీంచి కింద పడింది. ఎడమ చెయ్యి మోచేతి దిగువన వంగకూడని వైపుకి వంగింది. అరుపు వినిపించింది.

"ఆపేయండి," అంది రవళి. చిత్ర కళ్ళు అరచేత్తో మూసేసింది.

"ఇంకా ఉందండీ. ఇది మొదటి నెలే. పడ్డాక ఏమవుతుందో కూడా చూస్తేనే మీకు..."

"వద్దు మేడమ్. చాలు."

రవళి పుట్టిల్లు అనకాపల్లి. ఎటైనా బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే, చెప్పులు విప్పేసి లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆ పూటకి ఆ ప్రయాణం మానుకునే ఇల్లు వాళ్ళది. చదువుకున్నాక రవళికి తుమ్ముల మీద నమ్మకం పోయింది. ఆగిపోయే అలవాటు మాత్రం పోలేదు. మొదట్లోనే చెడు కనిపిస్తే ఆ తరవాతిది చూడకూడదు, అంతే. కోటానుకోట్ల లెక్కలు కట్టే యంత్రం ముందు కూర్చుని కూడా ఆమె చేసింది అదే పని.

కారులో సుమంత్ నెమ్మదిగా అన్నాడు. "విరిగిన చెయ్యి అతుక్కుంటుంది రవళీ. చిన్నప్పుడు నాకూ విరిగింది."

"నీకు విరుగుతుందని మీ అమ్మకి ముందు తెలీదు. మనకి తెలిసింది. తెలిసి తెలిసి పిల్ల చెయ్యి విరగ్గొడదామా?"

ఈ మాటకి జవాబు చెప్పగలిగిన తండ్రి ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. ట్రాంపొలిన్ రాలేదు.

ఒకసారి అడగడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలీదు. ఉయ్యాల గురించి అడిగారు. సైకిల్ గురించి, సముద్రస్నానం గురించి, చివరికి ఎదురింటి కుక్కపిల్ల గురించీ అడిగారు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పిల్ల పడేది, లేదా కుక్క కరిచేది, రవళి అక్కడికి ఆపించేసేది. పడకుండా పెరిగే పిల్ల ఏ సిమ్యులేషన్‌లోనూ ఉండదని చెప్పేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ మాట ఎవరు వింటారు? భీమిలి దారి పొడుగునా తోటలు బోసిపోయాయి. చెట్లకి నిచ్చెనలు లేవు, గోడల మీద పిల్లలు లేరు. సాయంత్రమైతే ఆ వీధుల్లో పెద్దవాళ్ళ దగ్గులే వినిపించేవి.

చిత్ర తెలివైన పిల్ల, త్వరగానే నేర్చుకుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. బడిలో ఆటల పీరియడ్‌లో టీచరు పక్కన కూర్చునేది. ఎవరైనా జామకాయ ఇస్తే, కొరకబోయి ఆగి, "అమ్మా, మెషీన్‌ని అడిగావా?" అనేది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. రవళి దాన్ని చూసుకుని గర్వపడింది. కొంతకాలం నిజంగానే గర్వపడింది.

మరుసటి వేసవిలో ఎస్తేరు ఫోన్ చేసింది.

"మీ మొదటి మోడల్‌ని తీసెయ్యాలి రవళిగారూ, ట్రాంపొలిన్‌ది. తల్లో తండ్రో దగ్గరుండి సరేనంటే గాని పిల్లల మోడల్ చెరపం. అది మా పద్ధతి."

"అది ఆ రోజే ఆపేశారు కదా?"

"మీరు ఆపమన్నది తెరని. మోడల్ లోపల నడుస్తూనే ఉంటుంది. ఎవరూ చూడకపోతే వేగం తగ్గించుకుని, మన రోజుతో పాటే దాని రోజూ గడుస్తుంది."

రవళి ఒక్కతే వెళ్ళింది. చెరిపే ముందు ఒక్కసారి చూస్తారా అని ఎస్తేరు మర్యాదకి అడిగింది. రవళి తల ఊపింది.

పడ్డ చోటు నుంచే చూపించారు. ఆస్పత్రి, ఏడుపు, చేతికి కట్టు. కట్టు మీద పక్క వీధి పిల్లలు రంగు పెన్నులతో బొమ్మలు గీస్తున్నారు. ఆ తరవాత కట్టు లేదు. చిత్ర ట్రాంపొలిన్ మీద, దాని చుట్టూ కొత్తగా కట్టిన వలని ఎడమ చేత్తో పట్టుకుని భయంభయంగా నిలబడి ఉంది. కాసేపటికి వల వదిలేసింది. రోజులు గడిచాయి. తోట నిండా పిల్లలు. చిత్రకి ముందరి పన్ను ఊడింది, మోకాళ్ళు గీరుకుపోయాయి, గొంతు పెద్దదైంది. ఒక సాయంత్రం దాని కేకలకి వంటింట్లోంచి ఒకావిడ వచ్చి, చున్నీ నడుముకి బిగించి, తనూ ఎక్కి గెంతడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

ఆవిడ రవళే. తనని తాను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళైందో రవళికి గుర్తు రాలేదు. దుఃఖం ముంచుకొచ్చింది.

"చెరిపెయ్యమంటారా?" అంది ఎస్తేరు.

"వద్దు మేడమ్. ఉండనివ్వండి. నేను వచ్చి చూసుకుంటూ ఉంటాను."

ఎస్తేరు నిట్టూర్చింది. "మేం ప్రమాదాన్ని కొలవడానికి చేశామండీ దీన్ని. ఇలా చూసుకోవడానికి వస్తారని అనుకోలేదు. శనివారం సాయంత్రాలు రండి. ఇప్పుడు చాలామంది అప్పుడే వస్తున్నారు."

నిజంగానే శనివారాలు ఎస్తేరు గది బయటి వరండా నిండిపోయేది. తల్లులూ తండ్రులూ ఒకరినొకరు పలకరించుకోకుండా, వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. సుమంత్ ఒక్కసారి వచ్చాడు. రెండోసారి రానన్నాడు. "అక్కడున్నది లెక్కలే రవళీ. మన పిల్ల ఇంట్లో ఉంది," అన్నాడు. అది రవళికీ తెలుసు. తెలిసినా శనివారం వచ్చేసరికి కాలు నిలవదు.

ఒకరోజు అన్నంలో ఆవకాయ కలిపి పెడితే చిత్ర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీకు ఇష్టమే కదే," అంది రవళి. "నాకు కారం పడదమ్మా," అంది చిత్ర. ఇష్టం ఎవరికో రవళికి అప్పుడు గుర్తొచ్చింది. ఇంకోరోజు దానికి కొన్న గౌను బాగా వదులైంది. గెంతులాటలకి ఏపుగా సాగిన పిల్ల కొలత అది. చిత్ర ఏమీ అడగలేదు. ఈ పిల్ల అడగడం మానేసి చాలా రోజులైంది.

చివరికి రవళి ఎవరినీ అడగకుండా, ఏ యంత్రానికీ చూపించకుండా ట్రాంపొలిన్ తెప్పించి తోటలో బిగించింది. శనివారం మధ్యాహ్నం చిత్రని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని మీద నిలబెట్టింది.

"గెంతు."

చిత్ర రెండు చేతులతోనూ వల పట్టుకుంది. కాళ్ళ కింద గుడ్డ కొంచెం కదిలింది. దాని మొహం పాలిపోయింది.

"పడతానేమో."

"పడితే పడతావు. లేస్తావు. ఏమీ కాదమ్మా, నేనున్నాను."

"ఇన్నాళ్ళూ పడితే చెయ్యి విరుగుతుందన్నావు కదా."

"ఇప్పుడు గెంతమంటున్నాను కదా. ఒక్కసారి గెంతవే తల్లీ. ఒక్కసారి."

చిత్ర గెంతాలనే అనుకుంది. మోకాళ్ళు వంచింది. వంచినవి వంచినట్టే ఉండిపోయాయి. ఏడుపు ఆపుకుంటూ తల్లి వైపు చూసింది. ఆ చూపుకి జాలి పడాల్సిన రవళికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆ పిల్లయితే ఈపాటికి..." అని, అక్కడితో నాలుక కరుచుకుంది.

చిత్ర వల పట్టుకుని ఒక్కో కాలూ ఆనించి చూసుకుంటూ కిందికి దిగింది. చెప్పులు వేసుకుంది. దానికి కోపం ఉన్నట్టు లేదు.

"అమ్మా, ఇవాళ శనివారం కదా," అంది. "నువ్వు తెరలో ఉన్న ఆ అక్క దగ్గరికి వెళ్ళు. నాన్న వచ్చేదాకా నేను జాగ్రత్తగా కూర్చుంటాను."

రవళి పిల్లని గట్టిగా పొదువుకుంది. ఆ పిల్ల ఎవరూ కాదని, ఇక ఎప్పటికీ అక్కడికి వెళ్ళనని ఏడుస్తూ చెప్పింది. చెబుతూనే, దాని భుజం మీంచి, కిటికీలోంచి కనిపిస్తున్న గోడ గడియారం వైపు చూసింది.

చిత్ర ఆ చూపు గమనించింది. మెల్లగా చేతులు విడిపించుకుని ఇంట్లోకి వెళ్ళి, తల్లి హ్యాండ్‌బ్యాగు తెచ్చి ఇచ్చింది.